ముప్పై అడుగుల ముఖానికి పన్నెండు అడుగుల స్లైడింగు గేటు: సొంతంగా చేసుకోవాలనుకుంటున్నాను

పల్నాటి మాస్టారు, జనవరి 18

సభ్యులకు నమస్కారం. నరసరావుపేటలో మా ఇల్లు 200 గజాల స్థలంలో, అంటే 30×60 అడుగుల కొలతలో, తూర్పు ముఖంగా ఉంది. ఇప్పుడున్న రెండు రెక్కల గేటు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కారును మెట్లకు ఆనించి నిలిపితే తప్ప గేటు మూయడం కుదరడం లేదు. బయటికి తెరుచుకునేలా మారుద్దామంటే రెక్కలు రోడ్డు మీదికి వస్తాయి, అది పద్ధతి కాదు. అందుచేత పక్కకు జరిగే గేటు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

నా దగ్గర 200 ఆంపియర్ల ఇన్వర్టరు వెల్డింగు మిషను, గ్రైండరు ఉన్నాయి. మేడమీది రేకుల షెడ్డు, నీళ్ళ ట్యాంకు స్టాండు నేనే చేసుకున్నాను కాబట్టి చేతిపని పూర్తిగా కొత్త కాదు. అనుకున్న నమూనా ఇది: కారుకు 12 అడుగుల దారి, దానికి 13 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు రెక్క, 50×50 చదరపు పైపు 2 మి.మీ. మందంతో చట్రం, దాని మీద 1.2 మి.మీ. ఇనుప షీటు, కింద రెండు చక్రాలు, నేలలో బోర్లించిన ఎల్ యాంగిల్ ట్రాకు. రెక్క ఉత్తరం వైపుకు జరుగుతుంది. మనుషులు వచ్చిపోయే 3 అడుగుల చిన్న గేటు కూడా ఉత్తరం వైపే పెడదామనుకుంటున్నాను, ఎందుకంటే వాకిలి అటువైపే ఉంది.

రోడ్డు మా గేటు మట్టం కన్నా 9 అంగుళాలు కిందికి ఉంది. పైగా ఉత్తరానికి వాలుతూ పోతుంది, ఈ 12 అడుగుల్లోనే 4 అంగుళాల తేడా వస్తోంది. ట్రాకును కూడా వ్యతిరేక దిశలో కొద్దిగా వాలుగా వేస్తే గేటు దానంతటదే మూసుకుంటుంది కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

బాలానగర్ వెల్డరు, జనవరి 18

మాస్టారూ, మొదట చిన్న గేటు సంగతి చూడండి. రెక్క ఉత్తరానికి జరిగి నిలబడినప్పుడు అది ఎక్కడ నిలబడుతుంది? సరిగ్గా మీ చిన్న గేటుకు అడ్డంగా. పెద్ద గేటు తెరిచి ఉన్నంతసేపూ చిన్న గేటు తలుపు కదలదు. నేను ముప్పై ఏళ్ళుగా గేట్లు చేస్తున్నాను. ఈ పొరపాటు ఇంజనీరు గీసిన ప్లానుల్లో కూడా చూశాను, ఎందుకంటే ప్లానులో గేటును ఎప్పుడూ మూసే గీస్తారు.

మట్టం, జనవరి 19

నేను సివిలు పనిలో ఉన్నాను. పై సభ్యులు చెప్పిన మాటకు అంకెలు జోడిస్తాను, ఎందుకంటే 30 అడుగుల ముఖంలో స్లైడింగు గేటు పడుతుందా లేదా అన్నది అంగుళాల లెక్క. దక్షిణం నుంచి మొదలుపెడితే పక్క గోడ అర అడుగు, చిన్న గేటు 3 అడుగులు, మధ్య స్తంభం 1 అడుగు, కారు దారి 12 అడుగులు, రెక్క జరిగి నిలబడటానికి రెండో స్తంభంతో కలిపి 13 అడుగులు, ఉత్తరపు గోడ అర అడుగు. మొత్తం సరిగ్గా 30. చిన్న గేటును దక్షిణానికి మార్చినా ఒక్క అంగుళం మిగలదు, రెక్క తోక వెళ్ళి గోడను గుద్దుకుంటుంది.

దారిని పదకొండున్నర అడుగులకు తగ్గించి, రెక్కను మాత్రం 13 అడుగులే ఉంచమని నా సలహా. అప్పుడు ఉత్తరం చివర 6 అంగుళాలు ఖాళీ దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యంగా, గేటు మూసినప్పుడు ముందు కొస 3 అంగుళాలు దక్షిణపు స్తంభం మీద ఆనినా, వెనక తోక 15 అంగుళాలు ఉత్తరపు స్తంభం వెనకే ఉండిపోతుంది. ఆ 15 అంగుళాల విలువ తరవాత చెబుతాను.

ఇక వాలు సంగతి. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఎంత బరువు వస్తుందో చూడండి: 50×50×2 పైపు మీటరుకు సుమారు 3 కిలోలు. చట్రంలో మూడు అడ్డ పైపులు, ఐదు నిలువు పైపులు కలిపి పందొమ్మిదిన్నర మీటర్లు, అంటే 59 కిలోలు. ఇనుప షీటు ఒక మి.మీ. మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది కాబట్టి మీ 6 చదరపు మీటర్ల 1.2 మి.మీ. షీటు 57 కిలోలు. చక్రాలు, గొళ్ళెం, తాళం కలుపుకొంటే 125 కిలోలు అనుకోండి. 25 అడుగుల ట్రాకులో 3 అంగుళాల వాలు ఇస్తే అది నూటికి ఒకటి, అంటే రెక్కను కిందికి లాగే బలం 1.25 కిలోలు. మంచి బేరింగు చక్రం ఇనుప ట్రాకు మీద చూపే నిరోధం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఒకరోజు కదలదు, ఇంకొక రోజు గ్రీజు పెట్టగానే తనంతట తానే బయలుదేరుతుంది. 125 కిలోల ఇనుము, పట్టుకునే మనిషి లేకుండా. ఆ దారిలో పసిపిల్ల నిలబడి ఉంటే ఏమిటో మీరే ఊహించుకోండి. రోడ్డు ఎటు వాలినా ట్రాకు మాత్రం నీళ్ళు నింపిన గొట్టంతో చూసే మట్టానికి ఉండాలి. ఆ 4 అంగుళాల తేడాను ర్యాంపులో సర్దుకోవాలి, దక్షిణం వైపు 9 అంగుళాలు, ఉత్తరం వైపు 13 అంగుళాలు ఎక్కేలా.

పల్నాటి మాస్టారు, జనవరి 19

చిన్న గేటు సంగతి చదివి నవ్వుకున్నాను, తరవాత కాగితం తీసి రెక్కను తెరిచి గీసుకున్నాను. నిజమే. వాకిలి ఉత్తరాన ఉన్నా చిన్న గేటు దక్షిణానికే పోతుంది. మా అమ్మగారికి నాలుగడుగులు ఎక్కువ నడక, అంతే. మాది నల్లరేగడి నేల అని చెప్పడం మరిచాను. ట్రాకు కింద 6 అంగుళాల కాంక్రీటు చాలుతుందా?

మట్టం, జనవరి 20

చాలదు. అసలు ప్రశ్న ఇదే, దీన్ని మీరు చివర అడిగారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆరు అంగుళాల పలక దాని మీద పడవలా తేలుతుంది. గేటు రెక్క ఎంత గట్టిగా చేసినా ట్రాకు ఒకచోట 10 మి.మీ. లేస్తే రెక్క పైకొస, అది ఒరగకుండా అటూ ఇటూ పట్టుకునే గైడు రోలర్లలో బిగుసుకుంటుంది, లేదా చక్రం గాడి తప్పుతుంది. స్లైడింగు గేటు చెడిందని పిలిచిన చోట్ల నేను చూసినంతవరకు పదింట ఏడు నేల చెడినవే, గేటు చెడినవి కావు.

ట్రాకు పొడవునా అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతు కందకం తవ్వించి ఆ నల్లమట్టిని బయట పారేయించండి. ఎర్ర గ్రావెలు 6 అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టించండి. దాని మీద సన్నని కాంక్రీటు బెడ్డు, ఆపైన 9 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు బీము, కింద రెండు, పైన రెండు 12 మి.మీ. ఊచలు, 8 మి.మీ. రింగులు 8 అంగుళాలకు ఒకటి. ఇంకొక మాట, చాలామంది వదిలేసేది: గైడు రోలర్లు బిగించే ఉత్తరపు స్తంభం కూడా ఈ బీము మీదినుంచే లేవాలి. నేల లేస్తే అన్నీ కలిసి లేవాలి, దిగితే అన్నీ కలిసి దిగాలి. ట్రాకు ఒక పునాది మీద, స్తంభం పాత గోడ పునాది మీద ఉంటే మొదటి వానాకాలానికే రెండూ విడిపోతాయి.

ట్రాకు యాంగిల్‌ను బీముతో పాటు ఒకేసారి కాంక్రీటులో ముంచవద్దు. యాంగిల్ అడుగున అడుగున్నరకు ఒక 12 మి.మీ. ముక్క వెల్డు చేసి, బీములో వదిలిన ఊచలకు ఆ ముక్కలను మట్టం చూస్తూ ట్యాకులు (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క వెల్డులు) వేసి, గొట్టంతోనూ సాగదీసిన దారంతోనూ సరిచూసుకున్నాకే రెండో దఫా కాంక్రీటు పోయాలి. ట్రాకు నేల కన్నా అంగుళం ఎత్తులో నిలబడుతుంది కాబట్టి మీ పెరటి వాననీటికి అది గట్టు అవుతుంది. లోపలివైపు సన్నని కాలువ, జాలీ పెట్టుకోండి.

ఉప్పుగాలి, జనవరి 21

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. షీటు పూర్తిగా కప్పిన రెక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో షీటు గేట్లు గైడుల దగ్గర వంగిపోయాయి, ఊచల గేట్లు చాలావరకు నిలబడ్డాయి. గాలి ఒత్తిడిని చదరపు మీటరుకు న్యూటన్లలో లెక్కించడానికి వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. అంటే మాకు 1500 న్యూటన్లు. 6 చదరపు మీటర్ల షీటు మీద 9000 న్యూటన్లు, అంటే 900 కిలోలకు పైగా. చుట్టూ ఇళ్ళుంటే తగ్గుతుందనుకున్నా, ఇంత బలాన్ని ఒక నైలాన్ రోలరు ఇరుసు మోయాలంటే ఆలోచించాలి. ఊచల మధ్య ఖాళీలు వదిలితే గాలి వాటిగుండా పోతుంది.

తుప్పు గురించి కూడా చెప్పాలి. చదరపు పైపు బయట కాదు, లోపల తుప్పు పడుతుంది. పై కొసలన్నీ మూతలు వెల్డు చేసి మూసేసి, అడుగు పైపుకు మాత్రం కింది ముఖాన అక్కడక్కడ 6 మి.మీ. రంధ్రాలు వేయండి. చేరిన నీరు కారిపోవాలి.

బాలానగర్ వెల్డరు, జనవరి 21

గాలి విషయం ఒప్పుకుంటాను. అయితే ఊచల గేటు తేలికగా ఉంటుందనుకుంటే పొరపాటు, లెక్క వేసి చూడండి. 25×25 పైపు 1.6 మి.మీ. మందంతో మీటరుకు సుమారు 1.2 కిలోలు. పిల్లల తల, కుక్కపిల్ల దూరకుండా 55 మి.మీ. సందు పెడితే 13 అడుగుల్లో దాదాపు 49 ఊచలు, ఒక్కొక్కటి 1.4 మీటర్లు. మొత్తం 82 కిలోలు. షీటు 57 కిలోలే! చూపుకు గాలిలా కనిపించే గేటు తూకంలో బరువు. నేనైతే కింది మూడడుగులు షీటు, పై రెండడుగులు ఊచలు అంటాను. వీధి కుక్కలకూ అడ్డు, గాలికీ దారి.

ఈ మాట మా వృత్తివాళ్ళకు నచ్చకపోవచ్చు: మా దగ్గర గేటును కిలోల లెక్కన కడతాం కాబట్టి, మందమైన పైపు వేయమని చెప్పేవాడు ఎప్పుడూ మీ మేలు కోరే చెప్తున్నాడనుకోకండి. 50×50కి 2 మి.మీ. చాలు. చక్రాలు బిగించే అడుగు పైపు ఒక్కటే 3 మి.మీ. వేయండి.

వెల్డింగులో జాగ్రత్త: రెక్కను నేల మీద నాలుగు ఇటుకల మీద సమంగా పరిచి, మూలమట్టంతో కాకుండా కర్ణాలతో సరిచూడండి. 13×5 అడుగుల చట్రానికి రెండు కర్ణాలూ 13 అడుగుల 11 అంగుళాల దగ్గర సమానంగా రావాలి. ముందు అన్ని కీళ్ళకూ ట్యాకులు, మళ్ళీ కర్ణాలు, ఆ తరవాతే పూర్తి వెల్డు. అదీ ఒక మూల వేసి ఎదురు మూలకు వెళ్ళాలి తప్ప వరసగా వేయకూడదు. రెండున్నర మి.మీ. రాడ్డు, 75 నుంచి 85 ఆంపియర్లు. షీటుకు ఎట్టి పరిస్థితిలోనూ పొడుగునా వెల్డు వేయకండి, ఆరంగుళాలకు ఒక అంగుళం చుక్క చాలు. లేకపోతే షీటు అప్పడంలా పొంగుతుంది.

చక్రాలు నాలుగంగుళాలవి, రెండేసి బేరింగులున్నవి తీసుకోండి. యాంగిల్ ట్రాకుకు వి గాడి, గుండ్రని ఊచ ట్రాకుకు యు గాడి. వీటిని తారుమారు చేస్తే రెండేళ్ళలో రెండూ అరిగిపోతాయి.

కొత్తిల్లు, జనవరి 22

హనుమకొండ నుంచి రాస్తున్నాను. మా ఇంటి గేటు అనుభవం చెప్పాలని ఈ చర్చలోకి వచ్చాను. గృహప్రవేశమైన నాలుగో నెలలో పాలు పోసే అబ్బాయి రెక్కను కాస్త గట్టిగా తోశాడు. వెనక ఆగే చోట స్టాపరు లేదు. తోక గైడు రోలర్లు దాటి బయటికి వచ్చింది, రెక్క నిలువుగా ఒక్క క్షణం ఆగి, లోపలివైపుకు పడింది. అబ్బాయి బయట ఉన్నాడు కాబట్టి బతికాడు. లోపలివైపున మా పాప సైకిలు ఉంది. సైకిలు చక్రం ఎనిమిది అంకెలా వంగిపోయింది, దాన్ని ఇప్పటికీ పారేయలేదు. చేసినవాళ్ళను అడిగితే స్టాపరు కొటేషనులో లేదు అన్నారు. దయచేసి అది రాయకుండా ముందుకు పోకండి.

మట్టం, జనవరి 22

మీ పాప క్షేమంగా ఉన్నందుకు సంతోషం. నేను దాచి ఉంచిన 15 అంగుళాల సంగతి ఇదే. కింద రెండు చక్రాలు ఒక గీత మీద నిలబడతాయి. ఆ గీతకు తోడు పైన ఒక్క బిందువు, అంటే ఒక జత గైడు రోలర్లు పట్టుకుంటే రెక్క నిలబడుతుంది. లెక్క ప్రకారం అది చాలు, కానీ ఆ ఒక్క జత విరిగిందంటే మిగిలేది గీత మాత్రమే, గీత మీద గోడ నిలవదు. తోక 15 అంగుళాలు మిగులుతుంది కనుక 10 అంగుళాల దూరంలో రెండు జతల రోలర్లు పెట్టవచ్చు, మూసి ఉన్నప్పుడు కూడా రెండు జతలూ పట్టుకునే ఉంటాయి. దక్షిణపు స్తంభానికి యు ఆకారపు దొన్నె బిగిస్తే ముందు కొస అందులోకి వెళ్ళి కూర్చుంటుంది.

స్టాపర్లు రెండు కొసలకూ ఉండాలి, అవి ట్రాకుకు కాదు, బీములోంచి లేచిన 12 మి.మీ. పలకకు రబ్బరు బిగించి చేసినవై ఉండాలి. చక్రాన్ని ఆపేది కాక చట్రాన్ని ఆపేదిగా చూసుకోండి, ఎందుకంటే గట్టిగా తగిలితే చక్రం చిన్న అడ్డును ఎక్కి దాటుతుంది.

టెక్సాస్ తెలుగువాడు, జనవరి 23

ఇక్కడ మోటారుతో నడిచే వాహనాల గేట్ల తయారీకి ఏఎస్‌టీఎం ఎఫ్2200 అనే ప్రమాణం, మోటార్లకు యూఎల్ 325 అనే ప్రమాణం ఉన్నాయి. మొదటిదానిలో రెండు మాటలు మీకు నేరుగా పనికివస్తాయి. గేటు తన ఆధారాల నుంచి విడిపోయినా 45 డిగ్రీలకు మించి ఒరగకూడదు. పక్కకు జరిగే మోటారు గేటు సందుల్లోంచి 57 మి.మీ. గోళం దూరకూడదు, ఎందుకంటే ఊచల్లోంచి చెయ్యి పెట్టిన పిల్లవాడి చెయ్యి స్తంభం దగ్గర కత్తెరలో పడినట్టు పడుతుంది. మీ 55 మి.మీ. సందు ఆ హద్దులోనే ఉంది. రెండో ప్రమాణం, మనిషి ఇరుక్కుంటే గుర్తించే ఏర్పాట్లు కనీసం రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి ఉండాలంటుంది. భారతదేశంలో కొనే మోటారుతో కిరణం తెగితే గేటును ఆపే కన్ను ఒకటి ఇస్తారు, దాన్ని ఖర్చు అనుకుని మానేయవద్దు.

నేల మీది ట్రాకు ఇష్టం లేకపోతే గాలిలో వేలాడే కాంటిలివరు గేటు ఉంది గానీ దానికి దారి పొడవులో సగం తోకగా కావాలి, పదకొండున్నరకు దాదాపు ఆరడుగులు అదనం. 30 అడుగుల ముఖంలో అది కుదరని పని.

పల్నాటి మాస్టారు, జనవరి 23

మోటారు ఈ ఏడాది పెట్టను, పెన్షను ఫైలు కదిలాక చూద్దాం. ఇప్పుడే ఏమి వదిలి ఉంచాలి?

బాలానగర్ వెల్డరు, జనవరి 23

ఉత్తరపు స్తంభం లోపలివైపు అడుగు చదరం దిమ్మె, దాని మధ్యలోకి ఇంట్లోంచి ఒక అంగుళం పీవీసీ పైపు, దక్షిణపు స్తంభానికి ట్రాకు కిందుగా ఇంకొక పైపు. రెండో పైపు కంటి వైర్లకు. కాంక్రీటు పోసిన తరవాత గుర్తొస్తే పగలగొట్టాలి. మోటారు రెక్కను జరపడానికి రెక్కకు బిగించే పళ్ళ పట్టీ ఒకటి ఉంటుంది, అది బిగించేటప్పుడు దానికీ మోటారు పళ్ళచక్రానికీ మధ్య 1 నుంచి 2 మి.మీ. వదలండి, గేటు బరువు చక్రాల మీద ఉండాలి గానీ మోటారు మీద కాదు. కరెంటు పోయినప్పుడు చేత్తో విడిపించే తాళంచెవి ఎక్కడ ఉందో ఇంట్లో అందరికీ తెలియాలి.

పల్నాటి మాస్టారు, ఏప్రిల్ 27

గేటు నిలబడింది. పని ఐదు వారాలు పట్టింది, అందులో మూడు వారాలు నేల పనే. కందకంలోంచి తీసిన నల్లమట్టి రెండు ట్రాక్టర్లు వచ్చింది, పక్కింటివారు మొక్కలకని తీసుకెళ్ళారు. కింద మూడడుగుల షీటు, పైన ఊచలు వేశాను. స్ప్రింగు తూకం తగిలించి లాగితే రెండున్నర కిలోలకు కదిలింది. మా అమ్మగారు ఒక చేత్తో తెరుస్తున్నారు.

తప్పులు కూడా రాయాలి. షీటుకు చుక్కలే వేయమని చెప్పినా, ఒక పక్క చక్కగా కనిపిస్తుందని అడుగున్నర పొడవు ఏకంగా వెల్డు లాగాను. సాయంత్రం చల్లారాక అక్కడ షీటు అరచేతి వెడల్పున పొంగింది, నొక్కితే డబ్బా మూతలా టకటకమంటుంది. లోపలివైపున ఒక పట్టీ అంటించి అణచాను. రెండవది, ట్రాకులో రెండు యాంగిల్ ముక్కలు కలిసిన చోట గ్రైండింగు సరిగా చేయలేదు, చక్రం దాటినప్పుడల్లా ‘కిట్’ మని చప్పుడు వస్తుంది. రేపు దాన్ని అరగదీస్తాను.

మట్టం, ఏప్రిల్ 27

మాస్టారూ, అభినందనలు. ఇప్పుడు వేసవి, మీ నేల పూర్తిగా ఎండి ఉంది కాబట్టి ఇప్పటి కొలతలు సగం సాక్ష్యమే. ఈ వారంలోనే నీళ్ళ గొట్టంతో ట్రాకు రెండు కొసలు, మధ్య, ఉత్తరపు స్తంభం పైభాగం, నాలుగు చోట్ల మట్టం తీసి, ఇంటి పునాది మీద ఒక గుర్తుతో పోల్చి రాసి పెట్టండి. గట్టి వానలు పడ్డాక అవే నాలుగు చోట్ల మళ్ళీ తీయండి.

పల్నాటి మాస్టారు, ఆగస్టు 30

ఈ నెలలో మూడు పెద్ద వానలు పడ్డాయి. గోడ పక్కన పాత సిమెంటు గచ్చు అంగుళం లేచి పగిలింది. ట్రాకు ఉత్తరపు కొస 4 మి.మీ. లేచింది, మధ్య 3 మి.మీ., దక్షిణపు కొస 2 మి.మీ. ఉత్తరపు స్తంభం కూడా 4 మి.మీ. లేచింది. రోలర్లకూ రెక్కకూ మధ్య ఏప్రిల్‌లో పెట్టిన సందు మారలేదు, పాత హాక్‌సా బ్లేడు ఇప్పటికీ అందులో దూరుతోంది. స్ప్రింగు తూకం రెండూ ముప్పావు కిలోలు చూపిస్తోంది. ట్రాకు అతుకు దగ్గర ‘కిట్’ మాత్రం పోలేదు. మా అమ్మగారు అది ఉంటేనే మంచిదంటున్నారు, ఎవరు వచ్చినా వంటింట్లోకి వినిపిస్తుందట.